మోడెం కూసిన ఆదివారం

పోయిన వారం మా ఇంటికి కొత్త నెట్ లైను పెట్టారు. బిగించడానికొచ్చిన అతను గోడకి తెల్లటి పెట్టె తగిలించి, వెంట్రుకంత తీగ ఒకటి దాని వీపున గుచ్చి, తన ఫోన్లో ఏదో నొక్కాడు. పచ్చదీపం వెలగ్గానే, పనైపోయిందన్నట్టు ఒడియాలో "హెయిగలా మౌసీ, ఏబే చాలు" అన్నాడు. నేను ఫక్కున నవ్వాను. పాపం, చొక్కాకి ఏమైనా అంటుకుందేమోనని అతను వీపు తడిమి చూసుకున్నాడు. టీ ఇచ్చి పంపించేసి, ఆ పెట్టె ముందు కుర్చీ వేసుకుని కాసేపు కూర్చున్నాను. చప్పుడు లేదు, కదలిక లేదు. ఇంత పని చేస్తూ ఇంతలా నోరు మూసుకుని ఉండే వస్తువు మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు.

మా చిన్నప్పటి పెట్టె అలాంటిది కాదు. అది కూసేది. వీధి చివరిదాకా వినపడేలా కూసేది.

ఒడిశా బరంపురంలో మా తాతది అప్పడాల దుకాణం. కింద వీధి వైపు దుకాణం, దాని వెనక చీకటి గది, మేడ మీద కాపురం, ఆ పైన అప్పడాలు ఎండబెట్టే డాబా. మా అమ్మా నాన్నా భంజనగర్‌లో ఇంకో దుకాణం చూసుకునేవాళ్ళు. బడి కోసం నన్ను తాతా నానమ్మల దగ్గర ఉంచారు. పేరుకే బడి. నిజానికి నేను అక్కడ ఉన్నది అప్పడాల పిండి కోసం. ఇంగువా మిరియాలూ వేసి దంచిన మినప్పిండిని నానమ్మ నూనె చేత్తో ముద్దలు చేసి పళ్ళెంలో పేర్చేది. ఆవిడ అటు తిరిగేసరికి ఒక ముద్ద నా నోట్లో ఉండేది. పచ్చి పిండి తింటే కడుపు పాడవుతుందని తిట్టేది, తిట్టడం అయ్యాక చిన్న ముద్ద ఒకటి తనే నా చేతిలో పెట్టేది. ఇప్పటికీ ఇంగువ వాసన తగిలితే నాకు ముందు కంప్యూటరు గుర్తొస్తుంది, అప్పడం ఆ తర్వాతే.

మా వాళ్ళు ఆ ఊరికి ఎప్పుడొచ్చి చేరారో తాతక్కూడా తెలీదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బేరం కుదరకపోతే రెండూ కలిపి మాట్లాడేవాళ్ళం. ఏ మాట ఏ భాషదో విడదీసి చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

కంప్యూటరు మా బాబాయి తెచ్చాడు. భువనేశ్వర్‌లో ఏదో ఆఫీసు వాళ్ళు వదిలించుకున్నదాన్ని బస్సు టాపు మీద గోనెసంచుల మధ్య కూర్చోబెట్టి తెచ్చాడు. నానమ్మ దానికి పసుపురాసి బొట్టు పెట్టి, తన పాత పట్టుచీర కొంగు చింపి ముసుగేసింది. దాని పక్కనే మోడెం ఉండేది. అరచేయంత నల్ల పెట్టె, ముందు వరసగా ఎర్రదీపాలు. టెలిఫోను తీగ దాని వెనక గుచ్చితే అది టెలిఫోను లైను మీదే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుతో మాట్లాడుతుందని బాబాయి చెప్పాడు. ఏ భాషలో మాట్లాడుతుందని అడిగాను. నువ్వే విను అన్నాడు.

విన్నాను. ముందు కుయ్‌మని ఒక రాగం. తర్వాత అంకెలు తిప్పుతున్నట్టు టకటకలు. కాసేపు గణగణ. అవతలివాడు ఎత్తగానే కీచుమని ఒక అరుపు, దానికి బదులుగా ఇంకో అరుపు, ఇద్దరూ కలిసి బుసబుసలు, గరగరలు. ఇక గొడవ కొట్లాటలోకి దిగుతుంది అనుకునేసరికి ఠక్కున ఊరుకునేది. ఊరుకుందంటే కలిసిందన్నమాట. ఆ క్షణంలో నేను ఊపిరి తీసుకునేదాన్ని కాదు. రెండు రోజుల్లో ఆ కూత మొత్తం నాకు నోటికి వచ్చేసింది. బడిలో లెక్కల క్లాసులో బల్ల కింద తల పెట్టి మొదటినుంచి చివరిదాకా కూసి, గోడవైపు తిరిగి నిలబడి వచ్చాను.

బాబాయిని పెళ్ళాడి పిన్ని మా ఇంటికొచ్చి అప్పటికి నెల తిరగలేదు. రాజమండ్రి వైపు అమ్మాయి. కంప్యూటరు కోర్సు చదువుకుంది. మాట్లాడితే పుస్తకం చూసి చదువుతున్నట్టు ప్రతి అక్షరం విడివిడిగా, పూర్తిగా పలికేది. ఒడియా ఒక్క ముక్క రాదు. మా తెలుగేమో ఆమెకి సగమే అర్థమయ్యేది. నానమ్మ "ఏటంటే" అని మొదలుపెడితే పిన్ని కళ్ళు చిన్నవి చేసి వినేది, చివర్లో ఎందుకైనా మంచిదని తల ఊపేది. నేను ఆమె కొంగు వదిలేదాన్ని కాదు. రాత్రిళ్ళు జడ వేసుకుంటూ తన తమ్ముడి గురించి చెప్పేది. తల్లి పోయాక వాణ్ణి తనే పెంచింది. వాడికి ఓడలో ఉద్యోగం దొరికింది, దొరికిన కొన్నాళ్ళకే ఈమె పెళ్ళి కుదిరింది. పెళ్ళినాటికి వాడు సముద్రం మీద ఉన్నాడు. వాడి గొంతు విని ఎన్నాళ్ళయిందో తల్చుకున్నప్పుడల్లా ఆమె చేతిలో జడ పాయలు కలిసిపోయేవి, మళ్ళీ మొదటినుంచి వేసుకునేది.

ఒక సాయంత్రం మోడెం కూసి ఊరుకున్నాక పిన్ని పేరున ఉత్తరం ఒకటి వచ్చింది. తమ్ముడు రాశాడు. వచ్చే ఆదివారం వాళ్ళ ఓడ ఎర్రసముద్రం ఒడ్డున ఒక రేవులో ఆగుతుందట. మన టైము ప్రకారం సాయంత్రం నాలుగింటికి అక్కడ ఒక నెట్ కొట్లో కూర్చుంటానని, నువ్వూ కంప్యూటరు ముందు ఉంటే ఎదురెదురుగా కూర్చున్నట్టే మాట్లాడుకోవచ్చని రాశాడు. మర్నాటికల్లా ఓడ కదిలిపోతుంది, మళ్ళీ నెలల తరబడి నీళ్ళే. పిన్ని ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదివిందో. ఇంతలో పెట్టె గుర్రుమని లైను తెగిపోయింది.

ఎందుకంటే కింద దుకాణంలో తాత ఫోనెత్తాడు. లైను ఒక్కటే, ఫోన్లు పైనా కిందా రెండు. ఏ పనీ లేకపోయినా ఫోను బతికుందో లేదో చూడడానికి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకోవడం తాతకి అలవాటు. ఆ రోజు ఎత్తితే అందులోంచి మోడెం కూత వినిపించింది. మెట్లెక్కి వచ్చేశాడు.

"నాను ఫోనెత్తితే ఎవుడిదో పీక పిసికినట్టు అరుస్తన్నాడు. పొలసర కొట్టువాడు ఆర్డరు సెప్దామంటే ఈడి అరుపులే ఇనాలా?" అన్నాడు. ఆ పెట్టె ఇంట్లో ఉంటే ఫోను ఉండదని, ఫోను ఉంటే పెట్టె ఉండదని తేల్చేశాడు. పిన్ని తమ్ముడి సంగతి నానమ్మ చెప్పాక కొంచెం మెత్తబడ్డాడు. ఆదివారం నాలుగు నుంచి నాలుగున్నర దాకా లైను ఇస్తానన్నాడు, తర్వాత నాన్న భంజనగర్ నుంచి ఫోను చేసే వేళ కాబట్టి ఒక్క నిమిషం కూడా కుదరదన్నాడు. ఆ లోపల దాన్ని సరిగ్గా పనిచేయించుకోవడం మీ పని అన్నాడు.

ఊళ్ళో నెట్ కొట్లు లేవా అంటే ఉన్నాయి. కానీ అవి మా ఊరి అమ్మవారు ఠాకురాణి యాత్ర రోజులు. మధ్యాహ్నం నుంచే వీధుల్లో డప్పులు, పులివేషాలు, జనం. మాకు తెలిసిన కొట్టువాడు యాత్ర పేరు చెప్పి తలుపులేసుకుని తనే వేషం కట్టుకుపోయాడు. మాకున్నది ఇంట్లో పెట్టె ఒక్కటే.

బాబాయికి ఒక ఆలోచన వచ్చింది. వెనక చీకటి గదిలో గోడకి ఒక స్విచ్చి బిగించాడు. దాన్ని పైకి వేస్తే లైను దుకాణం ఫోనుకి పోతుంది, కిందికి వేస్తే మేడ మీది మోడెంకి వస్తుంది. మోడెం మాట్లాడుతున్నప్పుడు తాత ఫోనెత్తినా ఇక దాని జోలికి రాలేడు. ఆ స్విచ్చి చూసుకుని బాబాయి మురిసిపోయిన తీరు చూస్తే దాన్ని ఆయనే కనిపెట్టాడేమో అనిపించేది. స్విచ్చి దగ్గర పిన్నిని నిలబెట్టాడు. పైనుంచి తను కేక వేస్తాడు, దాన్ని బట్టి ఆమె స్విచ్చి వెయ్యాలి. నేను పైన బాబాయి పక్కన కూర్చుని ఎర్రదీపాలు చూసి చెప్పాలి.

శనివారం పొద్దున్న మొదలుపెట్టాం. బాబాయి "రెడీ" అని అరిచాడు. కొంచెం ఆగి "చాలు" అని అరిచి మీట నొక్కాడు. పెట్టె నోరు తెరవలేదు. డయల్ టోన్ లేదని తెర మీద అక్షరాలు పడ్డాయి. "బందు" అని అరిచి, తీగలన్నీ పీకి మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ రెడీ, మళ్ళీ చాలు, మళ్ళీ అవే అక్షరాలు. మోడెం వెనక ఒకేలాంటి బెజ్జాలు రెండుంటాయి, ఒకటి లైనుకి, ఒకటి ఫోనుకి. తప్పు దాంట్లో గుచ్చామేమోనని అటుదిటు మార్చాడు. పెట్టెని తలకిందులు చేసి తట్టాడు. కంప్యూటరులోంచి మోడెం సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించాడు. అది ఎక్కేలోపు నేను డాబా మీదికెళ్ళి మూడు అప్పడాలు పచ్చివే తినేశాను. కిందికి పోయి స్విచ్చి చూస్తే అది దుకాణం వైపే ఉండేది. బందు అన్నాక అలాగే ఉండాలి కదా. దాంట్లో అనుమానపడాల్సింది ఏమీ లేదు.

సాయంత్రం లైన్‌మన్‌ని పిలిపించారు. చమఖండి మనిషి, మా తెలుగే. స్తంభం దగ్గరా దుకాణం ఫోనులోనూ చెవి పెట్టి చూసి, లైను చక్కగా ఉందని, ఏదైనా ఉంటే ఆ పెట్టెకే ఉందని చెప్పి, నానమ్మ ఇచ్చిన అప్పడాల కట్ట చంకలో పెట్టుకుని యాత్ర చూడ్డానికి పోయాడు. ఆ రాత్రి డప్పులు వినపడుతుంటే నేను కిటికీలోంచి ఠాకురాణికి మొక్కుకున్నాను. మా ఊళ్ళో పిల్లలకి రోగం తగ్గితే వేషం కట్టిస్తామని పెద్దవాళ్ళు మొక్కుతారు. ఎక్కువమంది పులి మొక్కుతారు. పిన్ని తమ్ముడితో మాట్లాడితే నేను మోడెం వేషం కడతానని మొక్కాను. అమ్మవారికి అదేంటో తెలుసో లేదోనని ఒకసారి చిన్నగా కూసి కూడా చూపించాను.

ఆదివారం పొద్దున్న కూడా అంతే. రెడీ, చాలు, బందు. ఆ మూడు కేకలు విని విని ఎదురింటి చిలక కూడా బందు అనడం నేర్చుకుంది. మధ్యాహ్నానికి బాబాయి గొంతు పోయింది, పిన్ని మొహం వాడిపోయింది. కంప్యూటరు చదువుకున్న తనని చీకట్లో స్విచ్చి దగ్గర కాపలా పెట్టారని ఆమె ఒక్కమాట కూడా అనలేదు. వచ్చి కంచం ముందు కూర్చుంది.

ఆ రోజు కందిపప్పులో వంకాయా గుమ్మడికాయా వేసి దాల్మా వండింది నానమ్మ. తాత తినేసి దుకాణంలో కునుకు తీస్తున్నాడు. మేం ముగ్గురం కూర్చున్నాం, నానమ్మ వడ్డిస్తోంది. పిన్ని అన్నం మీద నానమ్మ ఒక గరిటె దాల్మా పోసింది. "చాలు" అంది పిన్ని. ఇంకో గరిటె పోసింది. "చాలు, చాలు" అంది. నానమ్మ సంతోషంగా ఇంకోటి పోసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ పూటపూటా ఇదే తంతు. కొత్త కోడలికి మంచి ఆకలని, ఎంత పెట్టినా ఇంకా కావాలంటుందని నానమ్మ వీధంతా గొప్పగా చెప్పుకునేది. పిన్నేమో వదిలేస్తే ఏమనుకుంటారోనని అంతా తిని, రాత్రి వాము నమిలి పడుకునేది.

ఆ రోజు మాత్రం తినలేదు. చెయ్యి అన్నంలోనే ఉంచి ఏడ్చేసింది.

"చాలంటుంటే ఇంకా ఎందుకు పోస్తారత్తయ్యా. ఈ ఇంట్లో నా మాట ఒక్కటైనా ఎవరికీ వినపడదా" అంది.

నానమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

"సాలంటే నానెందుకు పోస్తానే తల్లీ" అంది మెల్లగా. "నువ్వు సాలననేదు గదా. చాలు అన్నావు. చాలంటే కానీమనే గదా."

మీరు నమ్ముతారో లేదో, మా ఇంట్లో అది రెండు వేరు వేరు మాటలు. చకారం మా నోట్లో సకారం అయిపోతుంది. చెప్పుని సెప్పు అంటాం, చూడుని సూడు అంటాం. ఇక వద్దు అనాలంటే సాలు అంటాం. చాలు అని ఎవరైనా అన్నారంటే మా చెవికి అది ఒడియా మాట. నడుస్తోంది, నడవనీ, వెయ్యి అని దాని అర్థం. పంపు తిరుగుతుంటే చాలు. దీపం వెయ్యమనడానికి చాలు చెయ్యమంటాం. పుట్టినప్పటినుంచీ రెండూ వింటూ ఉన్న మాకు అవి ఎప్పుడూ కలిసిపోలేదు. పుస్తకంలో ఉన్నట్టు చకారం ఒత్తి పలికే మనిషి మా ఇంటికి రావడం అదే మొదలు.

బాబాయి నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. ఎలాగో మింగి పిన్ని వైపు తిరిగాడు.

"నాను పైనుంచి చాలు అంటే నువ్వేటి సేస్తన్నావు?"

"ఆపేస్తున్నాను" అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "చాలు అన్నారు కదా అని స్విచ్చి మళ్ళీ దుకాణం వైపు వేసేస్తున్నాను."

"మరి లైను పైకి ఎప్పుడిస్తన్నావు?"

"మీరు రెడీ అన్నప్పుడు."

రెడీ అంటే స్విచ్చి మీద చెయ్యి పెట్టుకో అని బాబాయి ఉద్దేశం. నేను సిద్ధం, లైను ఇవ్వు అని పిన్ని అర్థం చేసుకుంది. చాలు అంటే వెయ్యమని ఆయన, తీసెయ్యమని ఈమె. రెండు రోజులుగా ఆయన మీట నొక్కే క్షణానికి సరిగ్గా ముందు ఆమె లైను పీకేస్తోంది. ఆయన చెప్పినట్టే చేస్తున్నానని ఆమె, నేను చెప్పినట్టే చేస్తోందని ఆయన. ముందు నవ్వింది నానమ్మ. గరిటెలో దాల్మా తొణికి ఆవిడ చీర మీద పడింది. తర్వాత నేను, తర్వాత ఏడుస్తూ ఏడుస్తూనే పిన్ని. బాబాయి ఒక్కడే నవ్వలేదు, గోడ గడియారం చూస్తున్నాడు. మూడు దాటిపోయింది.

పిన్ని చెయ్యి కడుక్కుని లేచింది. "నేను పైకెళ్తాను. మీరు స్విచ్చి దగ్గర నిలబడండి" అంది. ఆ ఇంట్లో ఆమె ఎవరికైనా పని చెప్పడం అదే మొదటిసారి. బాబాయి ఎంగిలి చేత్తోనే మెట్లు దిగాడు.

మేడ మీద పిన్ని కుర్చీలో కూర్చుంటే అప్పటిదాకా నేను చూసిన మనిషి కాదనిపించింది. వేళ్ళు మీటల మీద అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు, బాబాయి ఒక్కో అక్షరం వెతుక్కుని పొడిచేవాడు. గడియారం నాలుగు కొట్టగానే ఆమె నా వైపు చూసింది. నేను మెట్ల దగ్గరికెళ్ళి ఉన్న గొంతంతా పెట్టి "చాలూ" అని అరిచాను. కింద స్విచ్చి టక్కుమంది. పెట్టె కుయ్‌మంది. ఆ రాగం వినగానే నేను గెంతిన గెంతుకి తెర పైకి మడిచి పెట్టిన పట్టుకొంగు జారిపడింది.

తీరా అవతలి నంబరు బిజీ. మళ్ళీ తిప్పింది. మళ్ళీ బిజీ. ఆదివారం సాయంత్రం గంజాం జిల్లాలో మోడెం ఉన్నవాళ్ళందరూ ఒకేసారి కూర్చున్నారేమో. గడియారం ముల్లు జరిగిపోతోంది. పిన్ని పెదాలు బిగించి తిప్పుతూనే ఉంది. ఉన్నట్టుండి గణగణ, కీచు, బుసబుస, గరగర. ఠక్కున ఊరుకుంది. కలిసింది. కలిసిందని నేను కిందికి కేకేసేలోపే గర్రుమని తెగిపోయింది.

"లైనులో గరగర ఉంది" అంది పిన్ని. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని వింది. "ఆగి ఆగి వస్తోంది. గాలి వీచినప్పుడు వస్తోంది."

గాలి అన్న మాట వినగానే, మా వెనకే వచ్చి నిలబడ్డ నానమ్మ మొహం మారింది. డాబా మీద అప్పడాలు పరిచిన చీరలు గాలికి లేవకుండా ఆవిడ వాటి కొసలు టెలిఫోను తీగకే ముడివేసేది. చీర ఎగిరినప్పుడల్లా తీగ అతుకు దగ్గర గుంజుకుంటోంది. నానమ్మ మెట్లెక్కిన వేగం నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. ముడులు విప్పే ఓపిక లేక వంటింటి కత్తితో కొసలు కోసేసింది. సగం ఎండిన అప్పడాలన్నీ చుట్టలు చుట్టుకుని డాబా అంతా దొర్లాయి. వాటిని ఏరుకోకుండా అతుకు దగ్గర తీగని రెండు చేతుల మధ్యా కదలకుండా పట్టుకుని, ఎండలో నిలబడి, "ఇప్పుడు సూడు తల్లీ" అని పైనుంచి అరిచింది.

ఈసారి కూత మొదటినుంచి చివరిదాకా ఆగకుండా సాగింది. ఊరుకుంది. ఎర్రదీపాలన్నీ నిలబడ్డాయి. పిన్ని ఏదో తెరిచింది. తెర మీద చిన్న గడి ఒకటి వచ్చి, అందులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వరసగా పడ్డాయి. నాలుగింటినుంచీ పంపుతూ ఉన్నవి. అక్కా ఉన్నావా. అక్కా. లైను దొరకలేదా. నేను ఇక్కడే ఉన్నాను. అక్కా.

పిన్ని ఉన్నానురా అని కొట్టింది. అటునుంచి ఒక ప్రశ్న వచ్చింది. అన్నం తిన్నావా?

ఆమె నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పైకి చదువుతూ కొట్టింది. తిన్నాను, ఈ ఊళ్ళో చాలు అంటే ఇంకా వడ్డిస్తారు. మరి ఆపాలంటే ఏమనాలి అని అడిగాడు వాడు. సాలు అనాలి అని కొట్టింది. వాడు వరసగా నవ్వుతున్న బొమ్మలు పంపాడు. నేను ప్రతి ముక్కా కిందికి పరిగెత్తి బాబాయికి చెప్పి, డాబా ఎక్కి నానమ్మకి చెప్పి, మళ్ళీ వచ్చేసరికి ఇంకో నాలుగు మాటలు అయిపోయేవి. పెళ్ళికి రాలేకపోయానని వాడు బాధపడ్డాడు. చీర ఏ రంగు కట్టావని అడిగాడు. అమ్మ గాజులు వేసుకున్నావా అని అడిగాడు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. తాత. వెనకే బాబాయి, స్విచ్చిని మాత్రం కిందికే వేసి వదిలేసి వచ్చాడు. తాత గుమ్మంలో నిలబడి తెరకేసి చూశాడు. ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా ఒకదాని కింద ఒకటి మాటలు పుడుతుంటే కళ్ళార్పకుండా చూశాడు.

"సముద్రం మీద అన్నం దొరుకుతాదా అడుగు" అన్నాడు.

పిన్ని అడిగింది. అన్నం దొరుకుతుంది, అప్పడం దొరకదు అని జవాబొచ్చింది. నేను చదివి వినిపించాను. తాత మీసం కదిలింది. అంతలో గోడ గడియారం అర కొట్టింది. తాత మాట అంటే మాటే, దుకాణం ఫోను విషయంలో మరీను. పిన్ని మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద ఆమె తమ్ముడు ఇంకా ఏదో రాస్తూనే ఉన్నాడు.

"అయిపోయిందండి మామయ్యగారూ. వాడికి చెప్పి ఆపేస్తాను" అంది.

తాత ఆమె మొహం చూశాడు, తెర చూశాడు. కింద వీధిలో డప్పులు మోగుతున్నాయి.

"చాలు" అన్నాడు.

పిన్ని సరేనని తల ఊపి మోడెం మీట మీదికి చెయ్యి చాచింది. అలా చాచిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి తాత నోటికేసి చూసింది, మళ్ళీ ఒకసారి అంటాడేమోనని. ఆయన అన్నది సకారం కాదు. పిన్ని కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. తాత గుమ్మంలోనే గొంతుక్కూర్చుని, వాడు ఇప్పుడేటంటన్నాడు అని అడుగుతూ, మాకు చీకటిపడ్డాక అక్కడ రేవులో ఆ కొట్టువాడు తమ్ముణ్ణి లేవమనేదాకా ఉన్నాడు. భంజనగర్‌లో మా నాన్న ఫోను తిప్పి తిప్పి విసుగెత్తిపోయాడట.

మొక్కు తీర్చుకున్నాను. యాత్ర ఆఖరి రోజున అట్టపెట్టెకి మసి పూసి, ముందు నానమ్మ ఎర్ర బొట్టుబిళ్ళలు వరసగా అంటించి, అందులో దూరి పులుల మధ్య నడిచాను. ఏ వేషమని అందరూ అడిగారు. ఆగి, మొదటినుంచి చివరిదాకా కూసి వినిపించాను. పక్కనున్న పులి జడుసుకుని వాళ్ళ అమ్మ చంకెక్కింది.

తాతా నానమ్మా ఇప్పుడు లేరు. దుకాణం ఉన్న చోట మందుల కొట్టు వచ్చింది. మోడెం ఎటుపోయిందో తెలీదు. పోయిన వారం ఈ తెల్ల పెట్టె ముందు కూర్చుని కూర్చుని ఉండబట్టలేక పిన్నికి ఫోను చేశాను. నెట్ లైను బిగించినతను చాలు అన్న సంగతి చెప్పాను. ఇద్దరం నవ్వి నవ్వి అలిసిపోయాక, ఆ కూత ఎలా మొదలయ్యేదని ఆమె అడిగింది. ఈ వయసులో, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అని కూడా చూడకుండా కుయ్‌మని మొదలుపెట్టాను. బుసబుసల దగ్గర ఆమె కలిసింది. గరగరలయ్యాక ఇద్దరికీ ఊపిరి అందలేదు.

"ఇంక సాలు పిన్నీ" అన్నాను.

అటునుంచి పిన్ని, ఇన్నేళ్ళు బరంపురంలో కాపురం చేసిన మనిషి గొంతుతో, "చాలు" అంది.

ఏ చాలో నాకు తెలిసింది. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను.